పాడి గేదె ఒంటి శుభ్రత, ఆరోగ్య సంరక్షణ: తోమడం దగ్గర మొదలుపెట్టండి

గేదె తొడ మీద వెంట్రుకలు ఊడి, తోలు పొట్టు లేస్తున్న ఫొటో ఒకటి ఫోనుకు వస్తుంది. కింద ఒకటే ప్రశ్న: “ఏ మందు కొట్టాలి?” ఊరు మారుతుంది, గేదె మారుతుంది, ప్రశ్న మారదు. నేను తిరిగి అడిగేదీ ఒకటే. దాన్ని చివరిసారి ఎప్పుడు తోమారు? పైపు పట్టి నీళ్లు కొట్టడమే తోమడం అనుకునేవాళ్లు ఎక్కువైపోయారు. నీళ్లు పేడను కడుగుతాయి గానీ చెవి వెనక పేలను చూపించవు, పొదుగులో గడ్డను చేతికి తగలనివ్వవు.

ఇంటి దగ్గర రెండు నుంచి పది వరకు ముర్రా లేదా గ్రేడెడ్ ముర్రా (నాటు గేదెలను ముర్రాతో సంకరం చేసిన రకం) గేదెలు ఉన్నవారి కోసం ఇది. వంద గేదెల డెయిరీ నడిపేవారికి ఇందులో కొంతే పనికొస్తుంది.

కావలసినవి

- రబ్బరు పళ్ల బ్రష్షు లేదా గట్టి కొబ్బరిపీచు బ్రష్షు. ఏదీ లేకపోతే వరిగడ్డిని పిడికిలికి పట్టేంత చుట్ట చుట్టుకోండి, దానితోనూ పని నడుస్తుంది. ఇనుప పళ్ల దువ్వెన ఎండిన పేడ గీకడానికే గానీ రోజూ వాడడానికి కాదు.
- మెత్తటి నూలు పలుపు. నైలాను తాడు మెడను కోస్తుంది.
- డిజిటల్ థర్మామీటరు. మనుషులకు వాడేదే చాలు, కానీ దాన్ని పశువులకే కేటాయించండి.
- దర్జీలు వాడే కొలత టేపు.
- నల్లటి ప్లాస్టిక్ గిన్నె ఒకటి, చన్నులు ముంచడానికి చిన్న కప్పు, అయోడిన్ ద్రావణం.
- రబ్బరు చేతి తొడుగులు, చేతిపంపు స్ప్రేయరు. పొలానికి పురుగుమందు కొట్టిన స్ప్రేయరు వద్దు. ఎంత కడిగినా వద్దు.
- ఒక నోటుపుస్తకం.

1. ముందు కట్టడం నేర్చుకోండి

గేదెను గుంజకు పొట్టిగా, తల పైకీ కిందికీ కొద్దిగా కదిలేలా కట్టండి. ముడి ఒక్క లాగుతో ఊడేలా ఉండాలి. గేదె జారి పడితే పలుపు కోయడానికి కత్తి వెతుక్కునే తీరిక ఉండదు. వెనక నుంచి హఠాత్తుగా చేయి వేయకండి. పేరు పెట్టి పిలుస్తూ, జబ్బ దగ్గర మొదట తాకి, చేయి తీయకుండానే వెనక్కి జరగండి.

గిట్టలు కోయడం, సూది వేయించడం లాంటి పనులకు పశువైద్యశాలలోని ఇనుప బోను వాడుకోవడం మంచిది. అంత దూరం తీసుకెళ్లలేకపోతే పాకలోనే రెండు గట్టి గుంజలు పాతి, మధ్యలో అడ్డకర్రలు కట్టుకోవచ్చు.

2. తోమడం

పాలు పితకడానికి కనీసం అరగంట ముందు తోమండి. పితికే సమయంలో తోమితే దుమ్ము, వెంట్రుకలు బకెట్లో పడతాయి. పొడి ఒంటి మీదే మొదలుపెట్టాలి.

మెడ నుంచి జబ్బ, వీపు, డొక్క, తొడల వరకు, వెంట్రుక వాలిన వైపే బ్రష్షు నడపండి. పేడ గట్టిపడి అంటుకున్న చోట కొద్దిగా నీళ్లు చల్లి, పది నిమిషాలు నానబెట్టి, తర్వాత రుద్దండి. పీకితే వెంట్రుకతోపాటు తోలు కూడా లేస్తుంది. ఆ పుండు మీద ఈగలు వాలితే పురుగులు పడతాయి.

ఒక చేత్తో తోముతుంటే రెండో చెయ్యి ఊరుకోకూడదు. ఎక్కడెక్కడ ఏం చూడాలంటే:

- ముట్టె: తడిగా, చల్లగా ఉండాలి. ఎండిపోయి ఉంటే థర్మామీటరు తీయండి.
- దవడ కింద: వేళ్లతో నొక్కండి. మెత్తగా నీరు దిగినట్టు ఉంటే కడుపులో నట్టలో (పురుగులు), కార్జపు (కాలేయపు) జలగలో ఉన్నాయని అనుమానించాలి. వేడిగా, గట్టిగా వాచి, నొక్కితే గేదె బాధపడుతుంటే అది గొంతువాపు అనే ప్రాణాంతక రోగం కావచ్చు. ఇక పక్క పని పెట్టుకోకండి.
- చెవుల లోపల, కొమ్ముల మొదట్లో, తోక కింద, గజ్జల్లో: పేలు, పిడుదులు ముందుగా చేరే చోట్లివి.
- కొమ్ము కొన: మెలిక తిరిగే ముర్రా కొమ్ము కొన్నిసార్లు కణతలోకి గుచ్చుకుపోతుంది. వేలు దూరేంత సందు లేకపోతే డాక్టరు చేత కొన కోయించాలి.
- ఎడమ డొక్క గుంట: పిడికిలి ఆనించి రెండు నిమిషాలు ఆగండి. కడుపు మెల్లగా తోసినట్టు రెండు మూడుసార్లు తెలుస్తుంది. అసలు తెలియకపోయినా, డొక్క డప్పులా బిగిసినా మేత ఆపి డాక్టరుకు చెప్పండి.

సరిగ్గా తోమారో లేదో చూడాలంటే తెల్లటి గుడ్డ తడిపి, పిండి, వీపు మీద ఒక్కసారి గట్టిగా తుడవండి. పొట్టు, మట్టి తక్కువగా రావాలి. వారం రోజులు వరసగా తోమాక తోలు నూనె రాసినట్టు నల్లగా మెరుస్తుంది. ఎంత తోమినా మెరవకుండా, వెంట్రుకలు ఎర్రబారి గరుకుగా ఉంటే లోపం బ్రష్షులో లేదు. నట్టలో, ఖనిజ లవణాల కొరతో అయ్యుంటుంది. పెద్ద గేదెకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు దాణాలో కలపడం మామూలు లెక్క.

3. కడగడం, చల్లబరచడం

ఆవుతో పోలిస్తే గేదెకు చెమట గ్రంథులు చాలా తక్కువ. నల్లటి తోలు ఎండను తాగేస్తుంది. అందుకే అది చెరువు కోసం అంత ఆరాటపడుతుంది. ఎండాకాలంలో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నీడలో ఉంచి, ఆలోపు మూడు నాలుగుసార్లు ఒళ్లంతా తడపండి. తల మీద కూడా నీళ్లు పోయాలి, కాకపోతే చెవుల్లోకి ధారగా కొట్టకూడదు.

చెరువుకు తోలడం మంచిదే. అయితే నీళ్లు ఇంకిపోయి బురద మిగిలిన గుంటలు, నత్తలు కనిపించే కాలువ గట్లు జలగ రోగానికి పుట్టిళ్లు. నీరు పారే చోట దించండి, గట్టున మేయనివ్వకండి.

ఒళ్లు తడిగా ఉండగానే పితకడానికి కూర్చోవడం నేను ఎక్కువగా చూసే పొరపాటు. వీపు మీది మురికి నీరు పొదుగు మీదుగా చన్నుల కొసలకు జారుతుంది. కడిగిన తర్వాత నీరు కారడం ఆగనివ్వండి, పొదుగును విడిగా పొడి గుడ్డతో ఒత్తండి.

4. వెంట్రుకలు తీయడం

చలి తగ్గాక, ఫిబ్రవరి చివర లేదా మార్చిలో, ఒళ్లంతా వెంట్రుకలు తీయించడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. వేడి తగ్గుతుంది, పేలకు దాక్కునే చోటు ఉండదు. చేతి కత్తెర మిషనుతో చేయించుకోవడం సురక్షితం. మంగలికత్తితో గీసేవారు ఇంకా ఉన్నారు. వాళ్ల చేయి నమ్మదగినదైతే సరే. ఒక గేదెకు వాడిన కత్తిని మరో గేదెకు వాడే ముందు మరిగే నీళ్లలో ముంచమని చెప్పండి.

తీసిన రోజే పురుగుమందు పిచికారీ చేయకండి. కనిపించని గాట్లలోంచి మందు ఒంట్లోకి పోతుంది. వారం ఆగండి. ఆ వారమంతా గేదెను ఎండలో కట్టకూడదు, సాయంత్రం పూట పలచగా కొబ్బరినూనె రాస్తే చాలు. పొదుగు మీద, తోక కుచ్చు మొదట్లో వెంట్రుకలను మాత్రం రెండు మూడు నెలలకొకసారి కత్తిరిస్తూ ఉండాలి. పాలల్లో వెంట్రుకలు వస్తున్నాయని ఫిర్యాదు చేసేవారి ఇంట్లో ముందు ఇదే చూస్తాను.

5. పేలు, పిడుదులు, గజ్జి

ముందు ఏది పట్టిందో తెలుసుకోండి. గేదెలను ఎక్కువగా బాధపెట్టేది పేను. వెంట్రుక మొదట్లో తెల్లగా ఈపులు అంటుకుని ఉంటాయి. పిడుదు తోలుకు కరిచి, రక్తం తాగి గింజలా ఉబ్బి కనిపిస్తుంది; కొన్ని ఊళ్లలో గోమారి అంటారు. ఈ రెండూ కనిపించకుండా తోలు దళసరెక్కి, ముడతలు పడి, గేదె గుంజకేసి రుద్దుకుంటుంటే అది గజ్జి. గజ్జి చలికాలంలో ముదురుతుంది. దానికి డాక్టరు తోలు గీకి పరీక్ష చేసి మందు చెప్పాలి. పక్కింటాయన చెప్పిన సూది వేయించకండి. ఐవర్‌మెక్టిన్ పాలిచ్చే గేదెకు వేస్తే అది పాలల్లోకి వస్తుంది.

పేలు, పిడుదులకు పిచికారీ ఇలా:

క. పశువుల కోసం అమ్మే డెల్టామెత్రినే కొనండి. మిల్లీలీటరుకు 12.5 మిల్లీగ్రాములు ఉండే రకమైతే పిడుదులకు లీటరు నీటికి 2 మి.లీ. మామూలు మోతాదు. మీ సీసా మీద వేరే లెక్క ఉంటే దాన్నే పాటించండి. పంటలకు కొట్టే మందులో గాఢత వేరు, కలిపే ద్రావకం వేరు.

ఖ. ముందు గేదెకు కడుపునిండా నీళ్లు తాగించండి. దాహంతో ఉన్నది ఒళ్లు నాక్కుంటుంది.

గ. ఉదయం చల్లటి వేళ, గాలి లేనప్పుడు, తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని కొట్టండి. చెవి లోపలికి, కళ్లకు, ముట్టెకు తగలకూడదు. గజ్జలు, తోక కింద బాగా తడవాలి. పొదుగును పితికే ముందు సబ్బునీళ్లతో కడగండి.

ఘ. అదే రోజు గోడల పగుళ్లు, గాడి అడుగు, గుంజల మొదళ్లు కూడా తడపండి. రక్తం తాగి ఉబ్బిన పిడుదు రాలిపడి గుడ్లు పెట్టేది అక్కడే. పాకను వదిలేసి గేదెకు మాత్రమే కొట్టి, మందు పని చేయలేదని దుకాణదారును తిట్టడం న్యాయం కాదు. పగుళ్లు మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి, గోడలకు సున్నం వేయండి.

ఙ. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ కొట్టాలి. మొదటిసారి గుడ్లు చావవు.

దూడలకు, జబ్బుపడి లేచిన వాటికి డాక్టరును అడగకుండా కొట్టవద్దు. కొట్టిన తర్వాత చొంగ కారినా, వణికినా సబ్బునీళ్లతో ఒళ్లంతా కడిగి వెంటనే డాక్టరుకు కబురు పెట్టండి. ఒకటో రెండో పిడుదులుంటే మందు దండగ. చేత్తో తీసి కిరసనాయిలులో వేయండి, నేల మీద నలపకండి.

పనిచేసిందా అని చూడడానికి మూడో రోజున చెవి వెనక, తోక కింద, గజ్జల్లో వేళ్లతో వెతకండి. బతికి కదిలేవి ఉంటే మందు కలపడంలోనో తడపడంలోనో తేడా వచ్చింది. రెండుసార్లు సరిగ్గా కొట్టినా ఉంటే మందు రకం మార్చాలి, మోతాదు పెంచకూడదు.

6. గిట్టలు

చేలో తిరిగే గేదెకు ఇది పెద్ద పని కాదు. రోజంతా సిమెంటు నేల మీద నిలబడేవాటికి గిట్టలు పెరిగి, కొసలు పైకి లేచి, బరువంతా మడమ మీద పడుతుంది. గట్టి నేల మీద పక్క నుంచి చూడండి. గిట్ట అడుగు మొత్తం నేలకు ఆనాలి. కొస పైకి లేచి ఉంటే కోయించాలి. గిట్ట మన గోరు లాంటిదే, చచ్చిన భాగం కోస్తే నొప్పి ఉండదు. కోస్తుంటే అడుగు గులాబీ రంగులోకి మారగానే ఆపాలి. అలవాటు లేనివారు ఆకురాయితో అరగదీయడం వరకే చేయండి.

వానాకాలంలో గిట్టల సందు పాచిపోయి కంపు కొడితే, లీటరుకు 50 గ్రాముల మైలుతుత్తం కలిపిన నీళ్లలో కాళ్లు కడిగి పది నిమిషాలు నిలబెట్టండి. ఆ నీళ్లు పశువులు తాగకూడదు, చెరువులో పారబోయకూడదు.

7. పొదుగు

నష్టం ఎక్కువగా వచ్చేది ఇక్కడే. పొదుగువాపు కంటికి కనిపించేసరికి ఒక చన్ను సగం పోయినట్టే.

పితకడానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. గోళ్లు, ఉంగరాలు తీసేయండి. ప్రతి చన్ను నుంచి మొదటి రెండు ధారలు నల్ల గిన్నెలోకి తీయండి. నల్లదే ఎందుకంటే తెల్లటి పలుకులు దాని మీదే కనిపిస్తాయి. పలుకులు, నీళ్లలా పలచనైన పాలు, రక్తపు చారలు ఉంటే ఆ గేదెను చివర్లో పితకండి. మొదటి ధారలను నేల మీదో అరచేతిలోనో తీసేవారున్నారు. దానివల్ల రోగం ఒక గేదె నుంచి మరో గేదెకు పాకుతుంది.

గేదె నింపాదిగా చేపుతుంది (పాలు దించుతుంది). తొందరపెట్టి చన్నులు లాగకండి, బొటనవేలు మడిచి పితకకండి. పిడికిలితో పితకాలి. చేపడం లేదని రోజూ సూది పొడవడం మానేయండి. పితకడం అయ్యాక చన్నులను అయోడిన్ కప్పులో ముంచి, గాడిలో మేత వేయండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి దాదాపు అరగంట పడుతుంది, ఆలోపు గేదె పడుకోకూడదు.

నెలకొకసారి ఇంట్లోనే ఈ పరీక్ష చేయండి. వంద మిల్లీలీటర్ల నీళ్లలో 3 గ్రాముల బట్టల సబ్బుపొడి కరిగించండి. నాలుగు చన్నుల పాలు నాలుగు గిన్నెల్లోకి విడివిడిగా తీసి, అంతే కొలత సబ్బునీళ్లు కలిపి, అర నిమిషం గిరగిరా తిప్పండి. పలచగానే ఉంటే మంచిది. జిగురుగా, గంజి తేటలా చిక్కబడితే ఆ చన్నులో పైకి కనిపించని వాపు ఉంది. ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోయే ముందూ ఇది సరిగ్గా చెప్పదు. చిక్కబడిందని మీరే యాంటీబయాటిక్ ట్యూబు కొని ఎక్కించకండి. పాల నమూనా పరీక్షకు పంపితే ఏ మందు పని చేస్తుందో తెలుస్తుంది.

8. నట్టల మందు

మోతాదు బరువును బట్టి ఉంటుంది, మన వాళ్లేమో “పెద్ద గేదె, చిన్న గేదె” అని లెక్క వేస్తారు. తక్కువ తాగిస్తే నట్టలు చావకపోగా మందుకు అలవాటు పడతాయి. కొలత టేపు తీయండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, జబ్బ మొన నుంచి పిరుదు ఎముక వరకు పొడవు, రెండూ అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోల్లో ఉజ్జాయింపు బరువు వస్తుంది. చుట్టుకొలత 75, పొడవు 58 అయితే సుమారు 494 కిలోలు.

గేదె దూడలకు ఏలికపాములు తల్లి పాల ద్వారానే వస్తాయి కాబట్టి పుట్టిన 10 నుంచి 14 రోజుల్లో మొదటి మందు పడాలి. ఆరు నెలల వరకు నెలకొకసారి, ఏడాది వరకు మూడు నెలలకొకసారి. పెద్దవాటికి వానలకు ముందొకసారి, వానలు తగ్గాక ఒకసారి. వరి కోతలయ్యాక మాగాణిలో మేసే గేదెలకు మామూలు నట్టల మందు చాలదు, జలగలకు వేరే మందు కావాలి. పేడ పరీక్ష చేయించి ఎంచుకోండి. చూడి మొదటి నెలల్లో ఆల్బెండజోల్ తాగించకూడదు, కడుపులో దూడకు అవలక్షణాలు వస్తాయి. ఏ మందైనా తాగించాక ఎన్ని రోజులు పాలు వాడకూడదో పెట్టె మీద ఉంటుంది, అది చదవండి.

తాగించేటప్పుడు తల మరీ పైకెత్తకండి, నాలుక పట్టి లాగకండి. దగ్గితే వెంటనే తల వదిలేయండి. మందు ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది.

రెండు వారాల తర్వాత మళ్లీ పేడ పరీక్ష చేయిస్తేనే మందు పనిచేసిందో లేదో తెలుస్తుంది. గోలీకాయ అంత పేడను, నేల మీద పడినది కాకుండా, తాజాగా తీసి శుభ్రమైన డబ్బాలో అదే రోజు పశువైద్యశాలకు ఇవ్వండి.

9. టీకాలు

గాలికుంటుకు నాలుగో నెలలో మొదటిది, నెల తర్వాత బూస్టరు, ఆపైన ఆరు నెలలకొకసారి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఆరు నెలలు నిండినవాటికి ఏడాదికొకసారి, వానలు మొదలవక ముందే. బ్రూసెల్లోసిస్ (చూడి పోయేలా చేసే అంటురోగం) టీకా 4 నుంచి 8 నెలల ఆడదూడలకు జీవితంలో ఒకే ఒక్కసారి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు, బ్రూసెల్లోసిస్ టీకాలు ఉచితం. చెవికి 12 అంకెల పోగు వేసి, వేసిన టీకాను దాని మీద నమోదు చేస్తారు.

“టీకా వేస్తే పాలు తగ్గుతాయట” అని వేయించనివారు ప్రతి ఊళ్లో ఉన్నారు. రెండు మూడు రోజులు కొద్దిగా తగ్గవచ్చు, తర్వాత కోలుకుంటాయి. గాలికుంటు సోకితే తగ్గిన పాలు ఆ ఈతలో మళ్లీ పూర్తిగా రావు. సూది వేసిన చోట చిన్న గడ్డ కట్టినా భయం లేదు, వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టండి. జ్వరంతో ఉన్నదానికి మాత్రం వేయించకండి. నిండు చూడి గేదె ఉంటే సూది తీయకముందే డాక్టరుకు చెప్పండి. నట్టల మందు టీకాకు రెండు మూడు వారాల ముందే అయిపోతే టీకా బాగా పడుతుంది. టీకాను మంచు పెట్టెలో తేకుండా జేబులో తెచ్చేవారి చేత వేయించుకోవడం కన్నా మరో రోజు ఆగడం మేలు.

10. రాసుకోవడం, పిలవడం

ఒక్కో గేదెకు ఒక్కో పేజీ: ఈనిన తేదీ, చూడి కట్టించిన తేదీ, టీకా, నట్టల మందు పేరు, మోతాదు, రోజు పాలు.

జ్వరం పొద్దున్నే చూడండి, మధ్యాహ్నం ఎండలో ఉన్న గేదెకు మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటుంది. మలద్వారంలో పేడలోకి కాకుండా గోడకు ఆనేలా థర్మామీటరు పెట్టండి. 100 నుంచి 102 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే సరే. 103 దాటితే డాక్టరుకు చెప్పాలి. మూత్రం కాఫీ రంగులో వచ్చినా, ముఖ్యంగా నిండు చూడిలోనో ఈనిన కొత్తలోనో వస్తే, ఆ రోజే చూపించాలి. భాస్వరం కొరతతో గేదెల్లో అలా అవుతుంది, ఆలస్యమైతే రక్తం విరిగి చనిపోతుంది. నొప్పి తగ్గడానికని డైక్లోఫెనాక్ సూది ఎవరైనా తెస్తే వద్దనండి. రాబందులను చంపిందనే దాన్ని పశువులకు వాడకుండా 2006లోనే నిషేధించారు.

సంచార పశువైద్య వాహనం కోసం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1962కు ఫోను చేయవచ్చు. చేసే ముందు చెవిపోగు అంకెలు, జ్వరం ఎంతుందో, ఎప్పుడు ఈనిందో, చివరిగా ఏ మందు వాడారో నోటుపుస్తకంలోంచి తీసి పక్కన పెట్టుకోండి. గొంతు కింద వేడి వాపు, 105 దాటిన జ్వరం, ఊపిరిలో గురక కలిసి కనిపిస్తే తెల్లారే వరకు చూద్దాం అనుకోకండి. ఆ గేదెను మిగతావాటి నుంచి విడగొట్టి, దాని గాడి, నీళ్ల తొట్టి వేరు చేసి, రాత్రయినా సరే డాక్టరును పిలవండి. గొంతువాపులో చేతిలో ఉండేది కొన్ని గంటలే.